ఒకటికీ ఐదుకీ మధ్య చుక్క

హైదరాబాదులో ఉద్యోగం ఏడు నెలలు చేసి మానేశాను. ఎందుకు మానేశావని అడిగిన ఒక్కొక్కరికీ ఒక్కో కారణం చెప్పాను. అమ్మకి అక్కడి నీళ్ళు పడలేదన్నాను. స్నేహితురాలికి మేనేజరు మంచివాడు కాదన్నాను. అసలు సంగతి వేరు. నేను రాసిన ప్రోగ్రాం ఎక్కడికి పోతుందో, ఎవరు వాడతారో, అందులో తప్పుంటే ఎవరి నెత్తిన పడుతుందో నాకు ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఒక ముక్క రాసి పైకి పంపేదాన్ని. మిగతా ముక్కలు నాకు కనపడేవి కావు. చూపించమని రెండుసార్లు అడిగాను. "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. మూడోసారి అడగకుండా చీరాల రైలెక్కాను.

తొంభైల చివరి రోజులవి. కంప్యూటరు నేర్చుకున్నవాళ్ళందరూ హైదరాబాదుకో అంతకన్నా దూరానికో పోతుంటే నేను ఎదురొచ్చాను. అమ్మ వారం రోజులు చూసింది. ఎనిమిదో రోజున, "ఎందుకే అట్లా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతావు? ఏదో ఒకటి చెయ్యి, నన్ను కూడా తిరగనియ్యి" అంది. అప్పుడు వెళ్ళి బాబాయి ప్రెస్సులో చేరాను.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. నాన్న బతికున్నప్పటి స్నేహితుడు, ముస్లిం. చిన్నప్పట్నించీ బాబాయ్ అనే పిలిచేదాన్ని. ముప్పై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. పెళ్ళి శుభలేఖల నించి చేనేత సంఘాల కరపత్రాల దాకా ఆ చేతుల మీదుగా పోయాయి. కంప్యూటర్లు వచ్చాక సీసాన్ని తూకానికి అమ్మేసి రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు కొన్నాడు. వాటితోపాటు తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు ఒకటి వచ్చింది. దానికో లాక్ ఉండేది. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. కంప్యూటరు వెనకాల దాన్ని గుచ్చితేనే తెలుగు వచ్చేది. తీస్తే తెర మీద ఒక్క అక్షరం కూడా పుట్టదు.

"సీసం అక్షరాలకి తాళం ఉండేది కాదమ్మా" అన్నాడు బాబాయి నేను చేరిన మొదటిరోజే. "గూట్లో చెయ్యి పెడితే వచ్చేవి."

నేను నవ్వి ఊరుకున్నాను. తాళం గురించి అప్పుడు నాకేం పట్టింపు లేదు.

ప్రెస్సుకి క్రమం తప్పకుండా వచ్చే పని ఒకటే. నాలుగు పేజీల మాసపత్రిక. దాన్ని నడిపేది రిటైరైన ఒక వ్యవసాయాధికారి. అందరం ఆఫీసరు గారనేవాళ్ళం. నెలలో ఇరవై రోజులు పాత స్కూటరు మీద పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు వైపు ఊళ్ళు తిరిగేవారు. పత్తిలో ఏ పురుగు పడింది, మిరపలో ఏ తెగులు వచ్చింది, ఎవరు ఏం కొట్టారు, ఏం తగ్గింది, ఏం తగ్గలేదు, అంతా రైతుల మాటల్లోనే రాసుకొచ్చేవారు. పత్తి రైతులకి వరసగా చేటుకాలం నడుస్తున్న రోజులు. మందుల షాపువాడు ఏ డబ్బా చేతిలో పెడితే ఆ డబ్బా కొట్టేవాళ్ళు. దానికి విరుగుడుగా ఆయన ఈ నాలుగు పేజీలు పట్టుకు తిరిగేవారు.

మొదట్లో అది నాకు టైపింగు పనే. రెండు గంటల్లో కొట్టి పడేసేదాన్ని. తొందరెక్కువ నాకు. కొట్టిందాన్ని మళ్ళీ చూసుకునే ఓపిక ఉండేది కాదు. అయిపోతే చాలు, లేచి వీధిలోకి వెళ్ళి నిలబడేదాన్ని.

అట్లా నాలుగేళ్ళు గడిచాయి. ఒక జూన్ మధ్యాహ్నం ఉరుములతో వాన పడింది. కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ పోయి వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు కంప్యూటరు వెనక నించి చిన్న శబ్దం, కాలిన వాసన. కంప్యూటరుకేం కాలేదు. లాక్ పోయింది.

అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని రికార్డు మాట వినిపించింది. ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది. కంపెనీ మూసేశారట. కొన్నవాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. నాలుగేళ్ళ సంచికలు ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి, కానీ తెరవలేం.

ఆఫీసరు గారు ఆ వారమే వచ్చారు. పాత సంచికలన్నీ కలిపి పుస్తకం వేద్దామని ఆయన ఆలోచన. సంగతి చెబితే కుర్చీలో కూలబడ్డారు.

"కాగితం కాపీలు ఉన్నాయి కదండీ" అన్నాను.

"మొదటి ఏడాదివి చెదలు తినేశాయమ్మా. మిగతావి ఉన్నాయి. పంచేశాను కదా, నా దగ్గర ఒక్కోటే." కాలిన లాక్ చేతిలోకి తీసుకుని, "నేను రాశాను. నువ్వు కొట్టావు. చెప్పింది రైతులు. తాళం మాత్రం ఎవడిదో" అన్నారు.

ఆ మాట పట్టుకుని నేను మూడు రోజులు నిద్రలో కూడా తిరుగుతూనే ఉన్నట్టుంది. ఏడు నెలల ఉద్యోగంలో నాకు గొంతులో అడ్డుపడిందేదో దానికి మాట దొరికింది. మన రాత మన దగ్గరే ఉండి మనది కాకుండా పోవడం.

పోలేరమ్మ గుడి వీధిలో ఒక ఇంటర్నెట్ సెంటరు ఉండేది, తెలియనివి అక్కడికెళ్ళి వెతుక్కునేదాన్ని. కంప్యూటరు పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీ నించి విండోస్‌కి బదులు నడిచే లినక్స్‌ని రెండో కంప్యూటర్లోకి అంతకుముందే ఎక్కించుకుని ఉన్నాను. దాన్ని చేసినవాళ్ళు లోపలి రాతంతా, అంటే సోర్స్ కోడ్, బయటపెట్టారు. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఇన్నాళ్ళూ దాన్ని సరదాగా కెలికాను. ఇప్పుడు అవసరం వచ్చింది. దాంట్లో ఉన్న చిన్నచిన్న పనిముట్లతో పాత ఫైళ్ళని తెరిచి చూశాను. తెలుగు లేదు. అడ్డదిడ్డమైన గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ప్రశ్నార్థకాలు. కానీ ఏదీ చెరిగిపోలేదు. ఏ గుర్తు ఏ తెలుగు ముక్కో తెలిస్తే చాలు, అంతా మళ్ళీ చదవొచ్చు. ఆ వరస రాసిన పట్టిక మాత్రం పోయిన లాక్‌తోనే పోయింది.

ఆ పట్టిక మళ్ళీ రాయాలి. పాత ఫాంటులో ఒక అక్షరం ఒకటిగా ఉండదు. తలకట్టు వేరు, గుడి వేరు, ఒత్తు వేరు. అన్నిటినీ అతికిస్తేనే అక్షరం. ఏది ముందు, ఏది వెనక అన్నది నాకు తెలియలేదు. రెండు వారాలు కుస్తీ పట్టి బాబాయిని పిలిచాను.

ఆయన తెర చూడలేదు. కళ్ళు మూసుకుని, చెయ్యి గాల్లోకి చాపాడు. పాత గూళ్ళ అర ముందు నిలబడ్డట్టే.

"చెప్పు, ఏ మాట?"

"మిర్చి."

చెయ్యి ఎడమకి పోయింది, పైకి పోయింది, కిందికి దిగింది. "మ, గుడి. తర్వాత ర, దాని మీద గుడి. ఆ గుడి తర్వాతే కింద పడే చ ఒత్తు. చూశావా, నువ్వు పలికేటప్పుడు ర, చ, ఆఖర్న గుడి అనుకుంటావు. గూట్లో నించి తీసేటప్పుడు వరస వేరమ్మా. కంప్యూటరువాళ్ళు కూడా మా గూళ్ళు చూసే చేసుంటారు."

ఆయన చెప్పిన వరస సరిపోయింది. అన్నిచోట్లా కాదు గాని, చాలాచోట్ల. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట ఆయన గాల్లో చెయ్యి తిప్పేవాడు, నేను పట్టిక రాసుకునేదాన్ని. కొత్తగా వస్తున్న, ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్‌లోకి అక్షరాలు మారేట్టు ప్రోగ్రాం రాశాను. దానికైతే ఏ కంపెనీ తాళమూ అక్కర్లేదు.

మొదటి పేజీ తెర మీదికి వచ్చిన రోజున ఆఫీసరు గారిని పిలిపించాం. అప్పుడే ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లకళ్ళజోడు తీసి, తెరకి దగ్గరగా వంగి చదివారు.

"మిరపలో ఆకుముడత రెండు రకాలు. ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు. కిందికి ముడుచుకుంటే నలి..." ఆగి నవ్వారు. "నల్లికి ఒత్తు పోయింది కదమ్మా. పాపం, నలిగిపోయింది."

ఒత్తు దిద్దాను. ఆయన ఒక్కో సంచికనీ కాగితంతో పోల్చి చూశారు. కాగితం లేని మొదటి ఏడాదివి తెర మీదే చదివి సరేనన్నారు.

అప్పుడే మా పని సంగతి ఎవరి ద్వారానో విని హైదరాబాదు నించి ఒక కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. వ్యవసాయం మీద వెబ్‌సైటు పెడుతున్నారట. మా సంచికలు, నా ప్రోగ్రాం రెండూ తమకిస్తే అన్నీ ఒకేచోట పెడతామన్నాడు. రైతులు పేరు, పాస్‌వర్డ్ కొట్టి చూసుకోవచ్చునట.

"ఇంకెక్కడా పెట్టకూడదా?" అని అడిగాను.

"ఒకేచోట ఉంటేనే కదండీ మంచిది. మార్పులు చెయ్యాలంటే ఒక్కచోట చేస్తే సరిపోతుంది."

"మీరు మూసేస్తే?"

"మేమెందుకు మూసేస్తామండీ?" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

ఆఫీసరు గారికి చెప్పాను. ఆయన నిర్ణయం నాకే వదిలేశారు. నేను ఆలోచించలేదు. ఒక తాళంతో విసిగినదాన్ని, ఇంకో తాళానికి ఎట్లా ఒప్పుకుంటాను? ప్రోగ్రాం మొత్తం రాత బయటపెట్టి ఇంటర్నెట్‌లో ఉంచాను. సంచికల్ని సీడీల్లోకి ఎక్కించి ఊళ్ళకి పంపాను. స్కూళ్ళకి, ఇంటర్నెట్ సెంటర్లకి, కంప్యూటరున్న మందుల షాపులకి. అట్ట మీద నా చేత్తో రాసింది ఒక్కటే: "కాపీ చేసుకోండి. ఎవరికైనా ఇవ్వండి." ఎవరెవరికి ఇచ్చానో రాసుకోలేదు. రాసుకోకపోవడమే గొప్ప అనుకున్నాను. ఒక కంప్యూటరు కాలిపోతే ఇంకో యాభై చోట్ల ఉంటుంది, ఇక దీన్ని ఎవడూ చంపలేడని అమ్మకి కూడా చెప్పాను. "మంచిదేలే, అన్నం తిను" అంది.

నెలన్నరకి ఒక ఈమెయిల్ వచ్చింది. ఎక్కడో శ్రీకాకుళం వైపు బడిలో లెక్కల మాస్టారు. మిరప తోట ఎట్లా ఉంటుందో కూడా ఆయనకి తెలియదేమో. తన పాత ప్రశ్నపత్రాలు నా ప్రోగ్రాంతో మార్చుకున్నారట. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు. "మీ ప్రోగ్రాం చాలా బాగుందండి. ఒక చిన్న తప్పు. కొన్నిచోట్ల దశాంశ బిందువు పోతోంది. 2.5 కాస్తా 25 అవుతోంది. నేనే దిద్ది పంపుతున్నాను, చూడండి."

చూశాను. థ అక్షరం కడుపులో పెట్టే చుక్క పాత ఫాంటులో విడిగా ఉండేది. అక్షరం లేకుండా ఆ చుక్క ఒక్కటే కనపడితే పనికిరానిదని తీసేయమని రాసింది నేనే. తొందరలో ఉన్న టైపిస్టులు ఆ చుక్కనే దశాంశానికి కూడా వాడేవారు. శ్రీకాకుళంలో వాడారు. చీరాలలో నేను వాడాను. చేరిన మొదటి ఏడాది, సరైన చుక్క ఏ మీట మీద ఉందో తెలుసుకునే ఓపిక లేక.

మొదటి ఏడాది సంచికలు తెరిచాను. తామరపురుగుకి మందు, లీటరు నీటికి 15 గ్రాములు అని ఉంది.

ఒకటిన్నర గ్రాము ఉండాలి.

ఆఫీసరు గారి ఇంటికి పరిగెత్తాను. ఆయన నేను ప్రింటు తీసి తెచ్చిన కాగితం చేతిలోకి తీసుకుని, ఆ అంకె మీద వేలు పెట్టారు. "నేను చదివానే" అన్నారు. "నేను రాసిందే కదాని... కన్ను చదవలేదమ్మా. జ్ఞాపకం చదివింది."

అది అక్టోబరు. పొలాల్లో మిరపకి మందు కొట్టే రోజులు. ఇంటర్నెట్‌లో ప్రోగ్రాం దిద్దడం నిమిషం పని. సీడీలు? ఎక్కడున్నాయో తెలియదు. కాపీలకి కాపీలు ఎన్ని పుట్టాయో తెలియదు. ఒక్కచోట చేస్తే సరిపోతుందన్న కంపెనీ మనిషి మాట చెవిలో గింగురుమంది. వాళ్ళ సైటులో ఉండి ఉంటే ఒక్క చుక్క పెట్టి చేతులు దులుపుకునేదాన్ని. ఎవరూ చంపలేరని మురిసిపోయానే, ఇప్పుడు తప్పుని కూడా ఎవరూ చంపలేరు. ప్రెస్సులో అటూ ఇటూ తిరుగుతూ ఇదంతా బయటికే అన్నాను.

బాబాయి విన్నాడు. "తిరిగితే ఏమొస్తుంది. సీడీ ఎక్కడుందో తెలియకపోతే గోడలకి చెబుదాం" అన్నాడు. ఎర్ర కాగితం తీశాడు. పెద్ద అక్షరాల్లో పోస్టరు: మా సీడీలో తప్పు ఉంది, తామరపురుగు మందు పదిహేను గ్రాములు కాదు, ఒకటిన్నర, కింద ప్రెస్సు చిరునామా. దానిలో అంకె వెయ్యనివ్వలేదు. "అక్షరాల్లో వెయ్యి. చుక్కని ఇక నమ్మొద్దు." సాయంత్రానికి కట్టలు కట్టాం.

మర్నాడు పొద్దున్నే ఆఫీసరు గారూ నేనూ బయల్దేరాం. ఆయన స్కూటరు వెనక మైదా జిగురు బకెట్టు పట్టుకుని కూర్చున్నాను. బస్టాండు గోడలు, టీ కొట్లు, మందుల షాపులు, పాల కేంద్రాలు. ఊరికో పది. ఇచ్చినట్టు గుర్తున్నచోటల్లా పాత సీడీ తీసుకుని కొత్తది ఇచ్చాం. "దీన్నించి ఎవరికన్నా ఇచ్చారా?" అని అడిగితే ఇద్దరి పేర్లో ముగ్గురి పేర్లో చెప్పేవారు. వాళ్ళ దగ్గరికి వెళితే ఇంకొకరి పేరు. ఆరు రోజులు అట్లాగే.

ఇంకొల్లు దాటాక ఒక ఊళ్ళో మందుల షాపు గోడ మీద మా పేజీ అంటించి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒకటికీ ఐదుకీ మధ్య బాల్‌పెన్నుతో లావుగా చుక్క పెట్టి ఉంది. అక్కడే నిలబడ్డ కౌలు రైతు ఒకామె, "నేనే పెట్టా" అంది. "పదిహేను గ్రాములంటే చేను ఉడికిపోద్ది గదమ్మా. చుక్క మర్చిపోయారనుకున్నా."

నాకు ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. జిగురు చేతులతో అట్లాగే నిలబడ్డాను.

నాలుగో రోజున వెళ్ళిన ఊళ్ళో అట్లా జరగలేదు. పోస్టరు చూసి ఒక రైతు మమ్మల్ని తన చేలోకి నడిపించుకుపోయాడు. రెండు సాళ్ళు మొత్తం మాడి, ఆకులు తుప్పురంగులో వేలాడుతున్నాయి. మిగతా చేను పచ్చగానే ఉంది.

"రెండు సాళ్ళు కొట్టి చూశా" అన్నాడు. గొంతు పెద్దదైంది. "మొత్తం కొట్టుంటే? ఏమయ్యా ఆఫీసరూ, నీ మాటని ఇంతకాలం నమ్మామే! కాయితం మీద రాస్తే దేవుడు చెప్పినట్టు చదువుతాం గదా మేము!"

ఆఫీసరు గారు తలెత్తలేదు. "తప్పు నాదే" అన్నారు.

"కాదు, నాదండి. టైపు కొట్టింది నేను, ప్రోగ్రాం రాసిందీ నేనే" అన్నాను.

రైతు నన్ను ఎగాదిగా చూశాడు. కొత్త సీడీ చాపితే పక్కకి నెట్టాడు. "నాకిది వద్దు. ఆ ఎర్ర కాయితం రెండియ్యి. మా బావమరిది ఊళ్ళో కూడా ఈ సీడీ ఉంది. అంటించొస్తా." ఇచ్చాను. తువ్వాలు భుజానేసుకుని, మావైపు చూడకుండా గట్టు మీద నడిచిపోయాడు. క్షమించాడో లేదో తెలియదు. నేనూ అడగలేదు.

తర్వాత ఎవరి చేనూ మాడినట్టు వినలేదు. వినలేదంటే మాడలేదని కాదు. ఒక కాపీ కందుకూరు వైపు ఎవరో తీసుకుపోయారని తెలిసి అక్కడికీ వెళ్ళాం. మనిషి దొరకలేదు. బస్టాండు నిండా పోస్టర్లు అంటించి వచ్చేశాం.

ఆ తర్వాతి ఏడు ఆఫీసరు గారి పుస్తకం బాబాయే వేశాడు. మందుల మోతాదులన్నీ అక్షరాల్లోనే. సీడీలు మళ్ళీ చేశాం. ఈసారి ఎవరికిచ్చిందీ రాసుకున్నాను. అట్ట మీద పాత మాట తీసెయ్యలేదు గాని దాని కింద, "తప్పు కనపడితే మాకు చెప్పండి. మేం దిద్దేలోపు మీరే దిద్దుకోండి" అని చేర్చాను. హైదరాబాదు వెబ్‌సైటు రెండేళ్ళు నడిచి, ఒకరోజు తెరుచుకోవడం మానేసింది. అందులో ఎవరెవరి రాతలు ఉన్నాయో, అవేమయ్యాయో నాకు తెలియదు. అది విని సంబరపడలేకపోయాను. వాళ్ళ దగ్గర పోయింది వాళ్ళ దగ్గరే పోయింది. మా దగ్గర పుట్టిన తప్పు మాత్రం పొలాల దాకా నడిచింది.

మాస్టారికి ఉత్తరం రాశాను, ఆయన పంపిన ఒక్క చుక్క ఎక్కడెక్కడికి పోయిందో అంతా చెబుతూ. చాలారోజులకి జవాబొచ్చింది. "నాకు భయం వేసిందండి. నేను పిల్లల మార్కులు తప్పు పడతాయని మాత్రమే చూశాను" అని రాశారు. తర్వాత ఆయన ఇంకో రెండు దిద్దుబాట్లు పంపారు. ఎవరో బెంగళూరు నించి ఇంకొన్ని పంపారు. చివరిసారి ఆ ప్రోగ్రాం తెరిచి చూసినప్పుడు అందులో నేను రాసిన వాక్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి.

నేను మళ్ళీ ఉద్యోగంలో చేరలేదు. చీరాలలోనే ఒక గదిలో కూర్చుని నాకు తోచినవి, జనం అడిగినవి రాస్తున్నాను. ఏది రాసినా లోపలి రాత బయటే పెడతాను. అందులో నాకు అనుమానం లేదు. కానీ బయటపెట్టే బటన్ నొక్కాక కుర్చీలో నిమిషం కూడా ఉండలేను. లేచి స్టేషను దాకా నడుస్తాను. ప్లాట్‌ఫారం ఈ చివర నించి ఆ చివరకి. మద్రాసు వైపు బండి వచ్చి, జనం దిగి, జనం ఎక్కి, బండి కదిలేదాకా. ఎవరి సంచిలో ఏముందో, ఎవరు ఎక్కడ దిగుతారో చూస్తూ. తర్వాత ఇంటికొచ్చి, ఎవరైనా ఏదైనా రాశారేమోనని మెయిల్ తెరుస్తాను.